గ్యాస్ గీజర్ పొగ గొట్టం సరిగ్గా లాగుతోందా? అగరబత్తితో తేల్చుకోండి

ముందు గీజర్ నెత్తిమీద చూడండి. గుండ్రటి మూతి, దానికి తగిలించిన గొట్టం ఉంటేనే కింద చెప్పే పరీక్షలు. ఉత్త కంతలే ఉంటే అది గొట్టం లేని రకం, పొగంతా గదిలోకే వస్తుంది. అలాంటిదాన్ని బాత్రూంలోంచి తీసేసి గాలాడే బాల్కనీలోనో యుటిలిటీలోనో బిగించి, వేడినీళ్ల పైపు మాత్రం లోపలికి తెచ్చుకోవాలి.

నిమిషానికి 6 లీటర్ల గీజర్ గంటకు కిలోకి కాస్త అటూ ఇటుగా గ్యాస్ కాలుస్తుంది. కిలో ఎల్‌పీజీ పూర్తిగా కాలాలంటే 12 ఘనపు మీటర్ల పైచిలుకు గాలి కావాలి. 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తున్న బాత్రూంలో ఉండేదే 8 ఘనపు మీటర్లు. తలుపేసుకుని పది నిమిషాలు స్నానం చేస్తే అందులో నాలుగో వంతు మంటకే పోతుంది. గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి వాసన లేదు. సిలిండర్ లీకైతే ముక్కుకు తెలుస్తుంది గానీ ఇది తెలియదు. మంట ఆరితే గ్యాస్ ఆపే వాల్వూ దీన్ని పట్టుకోలేదు.

గీజర్ చల్లగా ఉన్నప్పుడు గొట్టం మొదటినుంచి చివరిదాకా చూడండి. మూతి ఎంత వెడల్పో గొట్టం అంతే ఉండాలి, మధ్యలో సన్నబడకూడదు. మొదటి ఎల్బోకి (మలుపు ముక్కకి) ముందు కనీసం 2 అడుగులు నిటారుగా లేవాలి. అడ్డంగా వెళ్లే ముక్క బయటివైపు కొద్దిగా ఎత్తుగా ఉండాలి. ప్లంబర్ల దగ్గర మిగిలిన పీవీసీ ముక్క తగిలించేసి ఉంటే వెంటనే మార్పించండి. అది 80 డిగ్రీల దగ్గరే మెత్తబడి కుంగుతుంది. చివర ఆరుబయటికి తేలాలి. అపార్ట్‌మెంట్ డక్ట్‌లోకి వదిలితే పొగ పై అంతస్తు వాళ్ల వెంటిలేటర్లోకి దూరుతుంది. పావురాలు గూడు పెట్టాయేమో టార్చి వేసి చూడండి. జాయింట్ల దగ్గర నల్లటి మసి కనిపిస్తే పొగ అక్కడినుంచే తన్నుకొస్తోందని అర్థం.

ఇప్పుడు అసలు పరీక్ష. తలుపు, కిటికీలు మూసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి. ఇంట్లో చాలామంది ఫ్యాన్ ఆపేసి చూస్తారు, అదే పొరపాటు. లోపలి గాలిని ఫ్యాన్ బయటికి లాగేస్తుంటే, ఆ వెలితి పూడ్చడానికి గొట్టంలోంచి పొగ వెనక్కి దిగుతుంది. వేడినీళ్లు తిప్పి 5 నిమిషాలు ఆగి, పైమూతి చుట్టూ ఉన్న సందు దగ్గర వెలిగించిన అగరబత్తి పట్టుకోండి. మీరు మాత్రం తలుపు దగ్గరగా నిలబడి చెయ్యి చాచండి. పొగ దారంలా లోపలికి పోతే గొట్టం లాగుతోంది. గదిలోకి చెదిరితే, లేదా మీ మొహంవైపు వేడి గాలి తగిలితే, వెంటనే గీజర్ ఆపేసి తలుపులు తెరవండి. మెకానిక్ చూసేదాకా మళ్లీ వెలిగించొద్దు.

మంట నీలంగా, నిలకడగా ఉండాలి. పసుపు నాలుకలు లేస్తుంటే బర్నర్లో దుమ్మో సాలెగూడో పట్టి ఉంటుంది. నీలంగా ఉంది కదా అని మాత్రం అగరబత్తి పరీక్ష మానేయొద్దు.

ఈఎన్ 50291 (ఐరోపా ప్రమాణం) ముద్ర ఉన్న కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొని, గీజరున్న చోటికి 1 నుంచి 3 మీటర్ల దూరంలో, నేరుగా ఆవిరి తగలని చోట పెట్టండి. అది మోగినా, స్నానంలో తలనొప్పి, కడుపులో తిప్పడం, కాళ్లలో నీరసం వచ్చినా ముందు బయటికి రండి. ఎవరైనా పడిపోయి ఉంటే తలుపులు బార్లా తీసి, గాలి తగిలేచోటికి లాగి, 108కి ఫోన్ చేయండి.