హోప్ ఐలాండ్‌కు బోటెక్కే ముందు

సంక్రాంతి సెలవులకు కారులో కాకినాడ దాకా వచ్చి, హోప్ ఐలాండ్ కూడా చూద్దామనుకునేవాళ్లు ఇవి చూసుకోండి.

- తిరుగు ప్రయాణం టైము పోటుపాట్లను బట్టి పెట్టుకోండి. కాకినాడ అఖాతం లోతు తక్కువ. పాటుకు నీళ్లు తగ్గాక బోటు బురదలో కూర్చుంటే మళ్లీ పోటు వచ్చేదాకా గంటలకొద్దీ అక్కడే. అమావాస్య, పౌర్ణమికి నీళ్లు మరీ వెనక్కి పోతాయి. బోటు సరంగునే అడగండి, ఆయన చెప్పిన టైముకు అరగంట ముందే ఎక్కండి.

- దీవి ఉత్తరపు కొసన ఈతకు దిగొద్దు. గోదావరి తెచ్చిన ఇసుకను అలలు ఉత్తరానికి తోసుకుపోయి, సుమారు 200 ఏళ్లలో పేర్చిన దిబ్బ ఇది. ఆ కొస ఇంకా మారుతూనే ఉంటుంది. పోటుకూ పాటుకూ అఖాతం నీళ్లు అటుగా తిరుగుతాయి, లాగుడు ఎక్కువ.

- అటవీ శాఖ అనుమతి ముందురోజే కనుక్కోండి.

- లైఫ్ జాకెట్ పిల్లల కొలతకు సరిపోవాలి. పెద్దది వేస్తే నీళ్లలో మెడ మీదుగా జారిపోతుంది.

- మడ చెట్ల వైపు దిగొద్దు, మోకాలి లోతు బురద.

- మనిషికి 3 లీటర్ల నీళ్లు. అక్కడ కొనుక్కోవడానికి కొట్లుండవు.

- జనవరి నుంచి తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం. సముద్రం వైపు ఇసుకలో తవ్వొద్దు, కుక్కల్ని తీసుకెళ్లొద్దు.