ఆర్మీ, నేవీ, ఎయిర్ ఫోర్స్: ఒకటి కంటే ఎక్కువ దళాలకు ఆఫీసర్‌గా అప్లై చేయడం ఎలా?

ఆర్మీకి ఫారం పెడితే నేవీకి పెట్టకూడదేమో, ఎయిర్ ఫోర్స్ సెలక్షన్ బోర్డు వెనక్కి పంపితే మిగతా తలుపులూ మూసుకుపోతాయేమో అని డిగ్రీ పిల్లల్లో చాలామంది భయపడుతుంటారు. రెండూ నిజం కాదు. అర్హత ఉంటే ఒకే ఏడాదిలో మూడు దళాలకూ, పైగా కోస్ట్ గార్డ్‌కూ దరఖాస్తు చేసుకోవచ్చు. ఫారాలు నింపడం పెద్ద పనేం కాదు. వాటన్నిటికీ ఒకే మనిషి, ఒకే మాట మీద నిలబడి జవాబు చెప్పుకోవాలి. అసలు కష్టం అక్కడే ఉంది.

ఇది డిగ్రీ, బీటెక్ వాళ్ల కోసం. ఇంటర్‌లో ఉన్నవాళ్లకు ఎన్డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష ఉంది, అందులోనూ మూడు దళాలకు ప్రాధాన్యాలు ఒకే ఫారంలో ఇస్తారు.

1. మీకు ఏయే దారులు ఉన్నాయో ముందు లెక్కేసుకోండి

మెకానికల్ బీటెక్ ఫైనలియర్ చదువుతున్న, 21 ఏళ్ల, పెళ్లికాని కుర్రాడిని తీసుకుందాం. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెట్టే సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్) పరీక్ష రాస్తే అతనికి నాలుగు అకాడమీలూ అందుబాటులోకి వస్తాయి: డెహ్రాడూన్‌లోని ఆర్మీ అకాడమీ ఐఎంఏ, కేరళలో ఎళిమల దగ్గరి నేవల్ అకాడమీ, మన హైదరాబాద్ పక్కనే దుండిగల్‌లో ఉన్న ఎయిర్ ఫోర్స్ అకాడమీ, ఆర్మీదే అయిన చెన్నై ఓటీఏ (ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ). నేవల్ అకాడమీకి ఇంజినీరింగ్ డిగ్రీ కావాలి. ఎయిర్ ఫోర్స్ అకాడమీకి బీటెక్ అయినా ఉండాలి, లేదా ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ చదివి ఏదైనా డిగ్రీ చేసి ఉండాలి. ఐఎంఏ, ఓటీఏలకు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది.

ఇదే కుర్రాడు ఎయిర్ ఫోర్స్ సొంతంగా పెట్టే ఏఎఫ్‌క్యాట్ రాసి ఫ్లయింగ్‌కీ, టెక్నికల్ బ్రాంచికీ పోటీ పడవచ్చు. ఆర్మీలో టీజీసీ (టెక్నికల్ గ్రాడ్యుయేట్ కోర్సు), ఎస్ఎస్‌సీ టెక్ (షార్ట్ సర్వీస్ కమిషన్, అంటే కొన్నేళ్లకే పరిమితమైన ఆఫీసర్ ఉద్యోగం) అనే ఎంట్రీలు బీటెక్ వాళ్ల కోసమే ఉన్నాయి. వీటికి రాతపరీక్ష లేదు, మార్కులను బట్టి వడపోసి నేరుగా ఎస్ఎస్‌బీకి, అంటే ఆఫీసర్లను ఎంపిక చేసే బోర్డు ముందుకు పిలుస్తారు. ఎన్‌సీసీ సి సర్టిఫికెట్ ఉంటే రాతపరీక్ష లేని ఇంకో దారి దొరికినట్టే. కాలేజీలో ఎన్‌సీసీని టిఫిన్ల కోసం వెళ్లే పరేడ్‌గా చూసినవాళ్లకు దీని విలువ ఫైనలియర్‌లో తెలిసొస్తుంది.

బీకాం చదివే అమ్మాయి లెక్క వేరు. సీడీఎస్‌లో అమ్మాయిలకు ఉన్నది ఓటీఏ ఒక్కటే కాబట్టి ఆమె దాని మీదే గురి పెట్టుకోవాలి. ఏఎఫ్‌క్యాట్‌లో మాత్రం అకౌంట్స్, లాజిస్టిక్స్, అడ్మినిస్ట్రేషన్ లాంటి గ్రౌండ్ డ్యూటీ శాఖలు ఉన్నాయి, మార్కుల శాతం సరిపోవాలంతే. పైగా గ్రౌండ్ డ్యూటీకి వయసు 26 దాకా ఉంటుంది, ఫ్లయింగ్‌కి 24తోనే ఆగిపోతుంది. పుట్టిన తేదీ ఒక్కరోజు తేడా వచ్చినా అనర్హులే కాబట్టి ప్రతి నోటిఫికేషన్‌లోనూ ఆ తేదీల వరుసను వేలు పెట్టి చదవండి.

2. అన్ని ఫారాల్లోనూ పేరు ఒకేలా ఉండాలి

తెలుగువాళ్లకు ఇదో ప్రత్యేకమైన తలనొప్పి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది. ఆధార్‌లో అదే ఒక్క అక్షరమైపోతుంది. డిగ్రీ మెమోలో ఒక్కోసారి చివరికి జారుతుంది. ఫారమేమో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని విడివిడిగా అడుగుతుంది. పదో తరగతి మెమోనే ప్రమాణంగా పెట్టుకుని అన్నిచోట్లా అక్షరం పొల్లుపోకుండా అదే రాయండి, ఆధార్‌ను ముందే సరిచేయించుకోండి. తండ్రి పేరుకూ ఇదే జాగ్రత్త.

ఫైనలియర్ వాళ్లు అప్లై చేయవచ్చు గానీ, కోర్సు మొదలయ్యే ముందు నోటిఫికేషన్ చెప్పిన తేదీకల్లా డిగ్రీ పాసైన రుజువు చేతిలో ఉండాలి. బ్యాక్‌లాగ్స్ ఉంటే ఆ సంగతి ఇప్పుడే చూసుకోండి.

3. గడువులను ఒకే కాగితం మీద రాసుకోండి

సీడీఎస్ మామూలుగా ఏప్రిల్‌లోనూ సెప్టెంబర్‌లోనూ జరుగుతుంది. ఏఎఫ్‌క్యాట్ కూడా ఏడాదికి రెండుసార్లే. ఆర్మీ టెక్నికల్ ఎంట్రీలు, నేవీ షార్ట్ సర్వీస్, కోస్ట్ గార్డ్ ప్రకటనలు దేని వెబ్‌సైట్‌లో అది వస్తాయి. యూపీఎస్సీ పరీక్షా కేంద్రాలు ముందు వచ్చినవాళ్లకు ముందు దక్కుతాయి. హైదరాబాదో, విశాఖపట్నమో కావాలంటే చివరి రోజుదాకా ఆగకండి.

చాలామంది జారిపోయే మెట్టు ఒకటుంది. సీడీఎస్ రాతపరీక్ష పాసై, ఆర్మీని కోరుకున్నవాళ్లు ఫలితాలొచ్చిన రెండు వారాల్లో ఆర్మీ రిక్రూటింగ్ వెబ్‌సైట్‌లో మళ్లీ రిజిస్టర్ చేసుకోవాలి. యూపీఎస్సీకి అన్నీ ఇచ్చేశాం కదా అని కూర్చుంటే ఎస్ఎస్‌బీ పిలుపు రాదు.

4. ప్రాధాన్యాల వరుస

సీడీఎస్ ఫారంలో మీరు టిక్ పెట్టని అకాడమీకి మిమ్మల్ని అసలు పరిశీలించరు. అలాగని చేతికొచ్చిన వరుసలో నింపేయకూడదు. ఓటీఏ షార్ట్ సర్వీస్ కమిషన్ ఇస్తుంది, మిగతా మూడూ పర్మనెంట్ కమిషన్, అంటే రిటైర్మెంట్ దాకా ఉండే ఉద్యోగం. అందుకే మిగతావాటితో పాటు ఓటీఏ కూడా కోరుకునేవాళ్లు దాన్ని చివర పెట్టాలని నోటిఫికేషనే చెబుతుంది.

రాతపరీక్ష లెక్క కూడా దీనితో ముడిపడి ఉంది. ఓటీఏకి ఇంగ్లిష్, జనరల్ నాలెడ్జ్ కలిపి 200 మార్కులు. మిగతా మూడింటికి మ్యాథ్స్ కూడా రాయాలి, మొత్తం 300. తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత. లెక్కలంటే భయపడి ఓటీఏ ఒక్కటే పెట్టేవాళ్లను చూస్తే నాకు అయ్యో అనిపిస్తుంది. ఆ లెక్కలు పదో తరగతి స్థాయివే, రెండు మూడు నెలలు కూర్చుంటే లొంగుతాయి.

ఎయిర్ ఫోర్స్ పెట్టేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. పైలట్ కావాలంటే సీపీఎస్ఎస్ అనే కంప్యూటర్ పరీక్ష పాసవ్వాలి. ఇందులో ఒకసారి ఫెయిలైతే జీవితంలో మళ్లీ అవకాశం లేదు. ఏఎఫ్‌క్యాట్ ద్వారా వెళ్లినా, సీడీఎస్ ద్వారా వెళ్లినా అదే నియమం. సరదాకి ఓ రాయేసి చూద్దామనుకునే పరీక్ష కాదిది. ఎత్తు కూడా ముందే కొలిపించుకోండి: ఫ్లయింగ్ బ్రాంచికి కనీసం 162.5 సెంటీమీటర్లు ఉండాలి, కాళ్ల పొడవు, కూర్చున్నప్పటి ఎత్తు కూడా కొలుస్తారు. అక్కడ కుదరనివాళ్లు ఆర్మీకి, నేవీకి నిక్షేపంగా సరిపోవచ్చు.

5. ఎస్ఎస్‌బీ: దాచకండి

ఏ దళమైనా సెలక్షన్ పద్ధతి దాదాపు ఒకటే. అయిదు రోజులు: మొదటిరోజు స్క్రీనింగ్, తర్వాత సైకాలజీ పరీక్షలు, గ్రౌండ్ టాస్కులు, ఇంటర్వ్యూ, చివరిరోజు కాన్ఫరెన్స్. పదిహేను సెకన్లకో మాట చొప్పున 60 మాటలు తెరమీద వస్తుంటే, ఒక్కోదానికి ఒక వాక్యం రాయాలి. పద్ధతి ఒకటే కాబట్టి ఒక దళానికి సిద్ధమైతే అన్నిటికీ సిద్ధమైనట్టే. ఆర్మీ బోర్డులు ప్రయాగ్‌రాజ్, భోపాల్, బెంగళూరు వంటిచోట్ల ఉన్నాయి. ఎయిర్ ఫోర్స్ బోర్డుల్లో మనకు దగ్గరది మైసూరు. నేవీకి విశాఖలోనే ఒక బోర్డు ఉంది.

బోర్డుకు వెళ్లగానే పీఐక్యూ అనే ఫారం ఇస్తారు. ఇంతకుముందు ఎన్నిసార్లు, ఏ ఎంట్రీ ద్వారా, ఎక్కడి బోర్డుకు, ఎప్పుడు వెళ్లారో, అప్పటి చెస్ట్ నంబర్ (బోర్డులో ఛాతీ మీద తగిలించుకునే నంబర్) ఎంతో అందులో రాయాలి. కాబట్టి వెళ్లిన ప్రతిసారీ ఆ వివరాలు ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి, ఏడాది తర్వాత చెస్ట్ నంబర్ ఎవరికీ గుర్తుండదు. పాత వైఫల్యం తెలిస్తే తక్కువగా చూస్తారేమోనని కొందరు దాస్తారు. మూడు నాలుగుసార్లు వెనక్కొచ్చి ఆ తర్వాత సెలక్టయినవాళ్లు దళాల్లో ఎంతోమంది ఉన్నారు. అబద్ధం దొరికితే మాత్రం సర్దుకోవడానికి ఏమీ మిగలదు.

ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న దాదాపు ఖాయం: ఏఎఫ్‌క్యాట్‌లో ఫ్లయింగ్ అడిగావు, ఇక్కడేమో ఐఎంఏ ముందు పెట్టావు, అసలు నీకేం కావాలి? "ఏదైనా పర్లేదు సార్, యూనిఫాం ఉంటే చాలు" అంటే మీరు ఆలోచించలేదని చెప్పుకున్నట్టే. "నాకు మెకానికల్ పని ఇష్టం, ఆర్మీలో వాహనాలు, యంత్రాల మరమ్మతులు చూసే ఈఎంఈ కోర్ నా మొదటి కోరిక, ఎయిర్ ఫోర్స్ టెక్నికల్ కూడా అందుకే పెట్టాను" అనేవాడి మాటలో పొందిక కనిపిస్తుంది. ప్రతి ఫారానికీ ఇలాంటి ఒక్క కారణం మీ సొంత మాటల్లో ఉండాలి. కారణం దొరకని ఫారం నింపకపోవడమే మేలని నా అభిప్రాయం.

రెండు బోర్డుల తేదీలు గుద్దుకోకుండా మధ్యలో కనీసం పది రోజులు ఉండేలా చూసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు వెంట ఉండాలి. ఒక ఎంట్రీకి మొదటిసారి వెళ్లేవాళ్లకు రైలు చార్జీలు తిరిగిస్తారు కాబట్టి టికెట్లు పారేయకండి.

6. మెడికల్, ఆపైన చేరడం

ఎస్ఎస్‌బీ మిమ్మల్ని రికమెండ్ చేశాక మెడికల్ పరీక్షలు. చెవిలో గులిమి, పుచ్చిన పళ్లు, కాస్త ఎక్కువ బరువు లాంటి చిన్నవాటికి కూడా తాత్కాలికంగా అన్‌ఫిట్ చేస్తారు. ముందే ఊళ్లో డాక్టర్‌కి చూపించుకుంటే ఈ తిప్పలు తప్పుతాయి. అన్‌ఫిట్ అన్నా అప్పీల్ మెడికల్ బోర్డుకు వెళ్లవచ్చు, 42 రోజుల గడువు ఉంటుంది.

రికమెండ్ అయి, మెడికల్ దాటినా మెరిట్ లిస్టులో చోటు పక్కా కాదు, ఖాళీలను బట్టే పిలుపు. అందుకే రెండు మూడు ఎంట్రీల్లో పేరుండటం కలిసొస్తుంది. రెండు జాయినింగ్ లెటర్లు ఒకేసారి వస్తే, ట్రైనింగ్ స్టైపెండ్ నెలకు 56,100 రూపాయలు రెండుచోట్లా ఒకటే. కాబట్టి పర్మనెంట్ కమిషనా షార్ట్ సర్వీసా, ఏ పని ఇష్టం అన్నవి చూసుకుని తేల్చుకోండి, అదీ చేరకముందే. అకాడమీలో చేరాక సొంత కారణాలతో బయటికొస్తే ట్రైనింగ్ ఖర్చు తిరిగి కట్టాల్సి ఉంటుందని, ఆ మేరకు బాండ్ రాసిచ్చాకే లోపలికి పంపుతారు.