డెర్వెంట్ చుట్టూ నడిచేవాళ్లు ముందు తూర్పు గట్టు పట్టుకోండి
షెఫీల్డ్, మాంచెస్టర్ వైపు ఉండే మనవాళ్లు పీక్ డిస్ట్రిక్ట్‌లో డెర్వెంట్, హౌడెన్ రిజర్వాయర్ల చుట్టూ నడవాలనుకుంటే ఫెయిర్‌హోమ్స్‌లో కారు పెట్టి తూర్పు గట్టు వైపు నుంచి మొదలుపెట్టండి. అటు రాళ్లూ మట్టీ ఉన్న దారి, పడమర వైపు తారురోడ్డు. మొత్తం దాదాపు 16 కిలోమీటర్లు కాబట్టి కాళ్లు పీకే టైమ్‌కి నున్నటి రోడ్డు మీద ఉంటారు. బాగా వానలు పడ్డాక వెళ్తే మొదట్లోనే డెర్వెంట్ డ్యామ్ మీంచి నీళ్లు దూకడం కనిపిస్తుంది, తప్పకుండా కాసేపు ఆగండి. హౌడెన్ రిజర్వాయర్ పైకొసన స్లిప్పరీ స్టోన్స్ దగ్గర పాత రాతి వంతెన దాటాలి, లేడీబవర్ రిజర్వాయర్ కోసం ఖాళీ చేయించిన డెర్వెంట్ ఊరిదే అది, రాళ్లు విప్పి దాచి 1959లో ఇక్కడ మళ్లీ కట్టారు. టిఫిన్ డబ్బా తెరవడానికి అదే మంచి చోటు. టాయిలెట్లు, టీ ఫెయిర్‌హోమ్స్‌లోనే, దారిలో ఏమీ దొరకవు, పులిహోర, నీళ్లు మోసుకెళ్లాల్సిందే.