పెరటి మడిలో ఏది కనిపిస్తే ఏం చెయ్యాలి: సిక్కోలు, విజయనగరం ఇళ్ల కోసం

మొక్క తల వాల్చిందంటే మనలో చాలామంది ముందు మందుల షాపుకే వెళ్తాం. షాపాయన "ఏం మొక్కండీ?" అని ఒక్క మాట అడిగి సీసా చేతిలో పెడతాడు. ఎకరాల్లో పంట వేసేవాళ్ల సంగతి వేరు. దొడ్లో నాలుగు పాదులు, డాబా మీద పది కుండీలు ఉన్న ఇంటికి మాత్రం అది చాలాసార్లు అక్కర్లేని ఖర్చు. పెరటి తంటాలు చాలావరకు మట్టిలోనో, నీళ్లు పోసే తీరులోనో, విత్తిన నెలలోనో మొదలవుతాయి. అందుకే ప్రతి సమస్యకీ ముందు ఎక్కడ చూడాలో రాసి, మందు సంగతి తర్వాత రాశాను.

ముందు మీ నేల ఏదో గుర్తుపెట్టుకోండి. విజయనగరం వైపు ఎక్కువగా ఎర్ర నేల. తడిస్తే మెత్తగా ఉంటుంది, ఎండితే పెచ్చు కడుతుంది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు, అంటే ఉద్దానంలో, ఇసుక, పోసిన నీరు పోసినట్టే దిగిపోతుంది. నాగావళి, వంశధార గట్ల పక్కనున్నవాళ్లకి ఒండ్రు, వాళ్లు అదృష్టవంతులు. ఎర్ర నేలకీ ఇసుకకీ మందు ఒకటే, బాగా చివికిన పశువుల గెత్తం. ఇసుకలో దానికి తోడు కొబ్బరి పీచు పొట్టు కలిపితే తడి నిలుస్తుంది. పొట్టును మాత్రం రెండు మూడుసార్లు మంచినీళ్లలో నానబెట్టి పిండాకే వాడండి, అందులో ఉప్పు ఉంటుంది.

విత్తనం మొలవలేదు

విత్తిన చోట వేలితో మట్టి తీసి చూడండి. గింజే కనిపించకపోతే చీమలు పట్టుకుపోయాయి. తోటకూర, గోంగూర చల్లినప్పుడు ఇది మామూలే. మడి అంచు చుట్టూ కాసిని నూకలు చల్లితే చీమలు వాటి పనిలో పడతాయి. గింజ ఉబ్బి కుళ్లి ఉంటే నీళ్లు ఎక్కువయ్యాయి, లేదా మరీ లోతుగా పెట్టారు. గింజ మందానికి రెండు మూడు రెట్ల లోతు చాలు. తోటకూర గింజనైతే ఇసుకలో కలిపి పైన చల్లి, చేత్తో సర్దితే సరిపోతుంది.

గింజ చెక్కుచెదరకుండా ఉంటే రెండు కారణాలు. ఒకటి, పాత విత్తనం. ఉల్లి విత్తనం ఏడాది దాటితే నమ్మకం లేదు. రెండు, పెంకు గట్టిది. కాకర, బీర, ఆనప గింజల్ని రాత్రంతా నానబెట్టి పొద్దున పెట్టండి. ఎర్ర నేలలో మూడో కారణం కూడా ఉంది. గింజ లోపల మొలిచినా పైనున్న పెచ్చును చీల్చుకోలేదు. అక్కడ మట్టితో కప్పకుండా జల్లెడ పట్టిన గెత్తంతో కప్పి, పైన పలచగా వరిగడ్డి పరవండి. మొలక కనబడ్డ రోజే గడ్డి తీసెయ్యాలి, ఆలస్యమైతే మొలకలు సన్నగా సాగిపోతాయి.

మొలిచాక నారు కాండం మొదట్లో నీరుకారినట్టు మెత్తబడి గుంపులు గుంపులుగా పడిపోతుంటే అది నారుకుళ్లు. నారుమడి నేలకన్నా జానెడు ఎత్తులో ఉండాలి, విత్తనం పలచగా పడాలి, నీళ్లు పొద్దున్నే పోయాలి. మొదలైపోతే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మడి తడిసేలా పొయ్యండి.

మొక్క వాడిపోతోంది

ఎక్కువ మంది పొరపడేది ఇక్కడే. వాడిన మొక్కను మధ్యాహ్నం చూసి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు, తెల్లవారి చూడండి.

మధ్యాహ్నం వాడి సాయంత్రానికి లేచి నిలబడితే అది ఎండ ప్రభావం. పాదు చుట్టూ గడ్డో, ఎండుటాకులో పరిస్తే చాలు. దాన్ని చూసి ఇంకో రెండు బిందెలు పోస్తే వేరు ఊపిరాడక నిజంగానే చస్తుంది.

తెల్లవారినా వాడే ఉండి, ఆకులు పసుపు పడకుండా పచ్చగానే వేలాడుతూ, రెండు మూడు రోజుల్లో మొత్తం మొక్క పోతే బ్యాక్టీరియా ఎండు తెగులని అనుమానించాలి. వంగ, టమాటా, మిరపల్లో వస్తుంది. తేల్చుకోవడం తేలిక. మొక్క పీకి, నేలకు దగ్గరగా ఉన్న కాండం జానెడు ముక్క కొయ్యండి. గాజు గ్లాసులో తేటనీళ్లు పోసి, కోసిన కొస నీళ్లలో మునిగేలా ముక్కను వేలాడదీసి, గ్లాసు కదలకుండా చూడండి. కాసేపటికి కోత నుంచి పాలలాంటి సన్నని తెల్లటి దారాలు కిందికి దిగితే ఇక సందేహం లేదు. దీనికి ఏ షాపులోనూ మందు లేదు. మొక్కను చుట్టూ ఉన్న మట్టితో సహా తీసెయ్యండి, గెత్తం గోతిలో మాత్రం వెయ్యొద్దు. ఆ చోట మూడేళ్లపాటు వంగ, టమాటా, మిరప, బంగాళదుంప పెట్టకుండా బెండ, బరబాటి (బొబ్బర్లు), ఆనప, ఆకుకూరలు వేసుకోండి. ఆ మడిలోంచి పారిన నీరు పక్క మడికి పోకుండా గట్టు కట్టండి. వాడిన పార, గునపం కడిగాకే వేరే చోట పెట్టండి. వంగే కావాలంటే ఉస్తి మొక్క వేరుమీద అంటుకట్టిన నారు దొరుకుతుందేమో నర్సరీలో అడగండి, ఈ తెగులును అది బాగా తట్టుకుంటుంది.

మొక్క ఒక్కసారిగా వాడదు గానీ ఎదుగూ బొదుగూ లేకుండా, పసుపు రంగులో గిడసబారి ఉంటే పీకి వేళ్లు చూడండి. ఉద్దానం ఇసుకల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. వేళ్ల మీద బుడిపెలుంటే నులిపురుగులు. బరబాటి, చిక్కుడు వేళ్లకు మామూలుగానే బుడిపెలుంటాయి, వాటిని చూసి కంగారుపడొద్దు. అవి వేరు పక్కన అతుక్కుని ఉంటాయి, గోటితో గిల్లితే ఊడి వస్తాయి, చిదిపితే లోపల గులాబీ రంగు. నులిపురుగు బుడిపె ఊడదు, వేరే అక్కడ ఉబ్బి ఉంటుంది. మడికి వేపపిండి కలపండి, ఒక విడత బంతి వెయ్యండి. దసరాకి, దీపావళికి పూలు కూడా దొరుకుతాయి.

వంగలో మొక్కంతా బాగుండి ఒక్క కొమ్మ చివరే వాలితే కొమ్మ, కాయ తొలిచే పురుగు. వాలిన చోటుకు రెండంగుళాలు కిందికి కత్తిరించి చీల్చి చూడండి, సన్నని పురుగు లోపల కనబడుతుంది. తుంచిన కొసల్ని అక్కడే పడెయ్యకుండా కాల్చండి. పూతకు ముందు వారానికోసారి ఈ పని చేస్తే కాయల్లో పుచ్చు చాలా తగ్గుతుంది.

కుండీ మొక్క లాగితే వేళ్లు లేకుండా చేతికొచ్చేసిందా? మట్టి బోర్లించండి. తెల్లగా, వంకర తిరిగిన పురుగులు కనబడితే అవి గెత్తంతో పాటు వచ్చినవే. గెత్తం గోతిలో బొటనవేలంత లావున కనిపించేవి కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ము పురుగు పిల్లలు. కొబ్బరి ఉన్న దొడ్డివాళ్లు వీటిని అసలు వదలకూడదు. గెత్తం తెచ్చేముందు ఎండలో ఆరబోసి తిరగెయ్యండి. కోళ్లుంటే ఏరే పని కూడా ఉండదు.

పూత ఉంది, కాయ లేదు

ఆనప పందిరి నిండా తెల్లగా పూసి ఒక్క పిందె కూడా లేదని బాధపడేవాళ్లు ముందు పువ్వు కింద చూడండి. సన్నని కాడ మీద ఉన్నది మగపువ్వు. పువ్వు కింద చిట్టి ఆనపకాయ ఉంటే ఆడపువ్వు. మొదట మగపూలే వస్తాయి, ఆడపూలు తర్వాత మొదలవుతాయి. కాబట్టి మొదటి పూత రాలితే ఏమీ చెయ్యక్కర్లేదు. ఆడపూలు పెరగాలంటే పాదు రెండు నుంచి నాలుగు ఆకులప్పుడు లీటరు నీటికి 3 గ్రాముల బోరాక్స్ కలిపి చల్లాలి. పందిరంతా అల్లాక చల్లితే లాభం లేదు.

ఆడపువ్వు వచ్చి, పిందె పసుపు పడి రాలుతుంటే పుప్పొడి అందలేదు. ఆనప, బీర, పొట్ల పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. గుమ్మడి, దోస, కాకర పూలు పొద్దున్నే. టౌన్లలో డాబాల మీద ఆ వేళకు తేనెటీగలు, పురుగులు రావు. ఆ పని మీరే చెయ్యండి. అప్పుడే విచ్చుకున్న మగపువ్వు తెంపి, రేకులు తీసేసి, మధ్యనున్న పుప్పొడి కాడను ఆడపువ్వు నడిమి మీద మెల్లగా రాయండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది. ఆనపకైతే దీపాలు పెట్టే వేళ, గుమ్మడికైతే కాఫీకి ముందు.

టమాటా పూత రాలడానికి కారణం వేరు. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే పువ్వు నిలవదు. ఏప్రిల్, మే నెలల్లో కాయలేదని బలం మందులు కొట్టడం దండగ. మనకు టమాటా అక్టోబరు, నవంబరుల్లో నాటితే చలికాలమంతా కాస్తుంది.

జూన్‌లో పెట్టిన పాత రకం పందిరి చిక్కుడు గోడెక్కి అల్లుకున్నా దసరాకి కూడా పువ్వు లేకపోతే పీకెయ్యకండి. పగలు తగ్గి రాత్రి పెరిగితేనే అది పూస్తుంది. కార్తీకం దాకా ఆగండి. గోంగూరది ఇదే లెక్క, ఫలితం మాత్రం తలకిందులు. వానాకాలం చివర్లో చల్లితే జానెడు ఎత్తులోనే మొగ్గ తొడిగి ఆకు ముదిరిపోతుంది. మృగశిర కార్తె తొలకరికి చల్లింది కోసిన కొద్దీ చిగురిస్తుంది. చలికాలంలో తినాలనిపిస్తే ఒత్తుగా చల్లి, లేతగా ఉన్నప్పుడే వేళ్లతో పీకి వాడుకోండి.

కాయ పడింది, పుచ్చిపోయింది

బీర, కాకర, దోస పిందె మీద సూదితో గుచ్చినట్టు మచ్చ, దాని నుంచి జిగురు, కాయ ఓ పక్కకు వంకర, కోస్తే లోపల తెల్లని పురుగులు: ఇది పండు ఈగ. పురుగు కాయ లోపలుంటుంది కాబట్టి పైన ఏం చల్లినా దానికి తగలదు. పిందె వేలెడు పొడవున్నప్పుడే పాత గుడ్డ సంచితోనో పేపరుతోనో కప్పి కట్టెయ్యండి. పెరటికి ఇంతకన్నా మంచి ఉపాయం లేదు. షాపుల్లో దొరికే క్యూ లూర్ ఎర బుట్ట కడితే మగ ఈగలు మాత్రమే పడతాయి, దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. రాలిన కాయల్ని పాదులో వదలకుండా పాలిథిన్ సంచిలో మూట కట్టి ఎండలో పడెయ్యండి. పురుగు మట్టిలోకి దిగి ఈగగా మారుతుంది, అందుకని పందిరి కింద నేలను అప్పుడప్పుడు గుల్ల చేస్తుండాలి.

టమాటా కాయ అడుగున నల్లగా, చర్మంలా గట్టిపడిన మచ్చ పురుగు పనీ కాదు, తెగులూ కాదు. కాయకు కాల్షియం అందక వస్తుంది. రెండు రోజులు ఎండబెట్టి మూడో రోజు ముంచెత్తితే మట్టిలో కాల్షియం ఉన్నా మొక్క అందుకోలేదు. నీళ్లు రోజూ ఒకే తీరుగా పొయ్యండి.

ఆకు ముడిచింది, రంగు మారింది

మిరపాకు పైకి దోనెలా ముడిస్తే తామర పురుగు. కిందికి తిరగబడి, కాడ సాగితే తెల్లనల్లి. మొదటిదానికి 1500 పీపీఎం వేపనూనె లీటరుకు 5 మి.లీ., రెండు చుక్కల సబ్బు నీళ్లతో, సాయంత్రం, ఆకు అడుగు తడిసేలా. రెండోదానికి నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. ఈ రెండూ దగ్గర దగ్గర రోజుల్లో కొడితే ఆకు మాడుతుంది, కనీసం మూడు వారాలు ఎడం పెట్టండి. మిగిలిన గంధకం నీళ్లను పారబొయ్యడం ఎందుకని ఆనప, బీర, దోస పాదులకు చల్లొద్దు, తీగజాతి ఆకులు గంధకానికి కాలిపోతాయి.

బెండాకు ఈనెలు పసుపు పచ్చగా వలలా తేలితే పల్లాకు తెగులు. తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్ అది, ఆ మొక్క మళ్లీ కోలుకోదు. మొహమాటపడకుండా పీకెయ్యండి, మిగతావాటి మధ్య పసుపు జిగురు అట్టలు కట్టండి. ఈసారి అర్కా అనామిక లాంటి తట్టుకునే రకం వెయ్యండి.

బరబాటి కొసల్లో నల్లగా పేనుబంక ఉంటే ముందు నీళ్ల ధార గట్టిగా కొట్టండి. చాలాసార్లు దాంతోనే పోతుంది.

కుండీ అంచున తెల్లటి పొరలు, ఆకు కొసలు మాడటం బోరు నీటి ఉప్పు వల్ల. వానాకాలంలో డాబా నీళ్లు డ్రమ్ములో పట్టుకుని కుండీ అడుగు నుంచి కారిపోయేదాకా పొయ్యండి.

ములగ చెట్టుకు గొంగళి

వానలు పడ్డాక గొంగళి పురుగులు పగలు మాను మీద గుంపుగా అంటుకుని ఉంటాయి, రాత్రి పైకెక్కి ఆకు తింటాయి. పగలే సబ్బు నీళ్లు కొట్టి చీపురుతో ఊడ్చెయ్యండి. ఒంటికి తగిలితే దద్దుర్లు, చేతికి గుడ్డ చుట్టుకోండి.

తుఫాను వచ్చి వెళ్లింది

ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. మన చలికాలపు నారు సరిగ్గా ఆ వేళకే నాటడానికి సిద్ధమవుతుంది. కాబట్టి టమాటా, వంగ నారును ట్రేల్లోనే ఉంచి, వాయుగుండం మాట వినబడితే వరండాలోకి మార్చండి, నెలాఖరున నాటుకోండి. పందిరి మనిషెత్తు మించకుండా వేసి, నాలుగు మూలలా తాళ్లు కట్టి, నేలలో కొట్టిన మేకులకు బిగించండి.

వెళ్లాక ముందు కాలువ తీసి నీరు పోనివ్వండి. ఒరిగిన మొక్కను లేపి మొదట్లో మట్టి ఎగదోయండి. తీరం దగ్గర ఊళ్లలో ఒకటి రెండు రోజులకే ఆకు అంచులు గోధుమ రంగుకు తిరిగితే అది ఉప్పుగాలి, వెంటనే మంచినీళ్లతో ఆకులు కడగండి. మట్టి కాస్త ఆరాక లీటరు నీటికి 5 గ్రాముల పొటాషియం నైట్రేట్, అదే 13-0-45, ఆకుల మీద చల్లితే మొక్క తొందరగా తేరుకుంటుంది. తడి నేలలో యూరియా వెయ్యొద్దు. వరద నీటిలో మునిగిన ఆకుకూర వండుకోవద్దు, పీకేసి కొత్తగా చల్లండి. ఎన్ని చేసినా తెమలకపోతే జబ్బు మొక్కను వేళ్లతో సహా సంచిలో పెట్టుకుని ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రానికి పట్టుకెళ్లండి. ఫోన్లో ఆకు ఫొటో ఒక్కటే చూపిస్తే వేరు సంగతి వాళ్లకి కూడా తెలియదు.