కారు తక్కువ తిరిగినా టైమింగ్ బెల్ట్ వయసు చూసుకోండి

ఎండలు ముదరక ముందే ఒక్కసారి మీ కారు మాన్యువల్ తీసి టైమింగ్ బెల్ట్ (ఇంజన్‌లో పిస్టన్లు, వాల్వులు ఒకే లయలో కదిలేలా చూసే రబ్బరు బెల్ట్) ఎప్పుడు మార్చాలో చూడండి. చాలా కార్లకి 60 వేల నుంచి లక్ష కిలోమీటర్ల మధ్య ఉంటుంది, దాంతోపాటు ఇన్నేళ్లకని గడువు కూడా రాస్తారు. రెండిట్లో ఏది ముందొస్తే అదే లెక్క. బెజవాడలో వారానికోసారి గుంటూరు వెళ్లొచ్చే బండికి కిలోమీటర్లు పెరగవు కానీ, రబ్బరుకి వయసు ఆగదుగా!

ఇది తెగే ముందు చాలాసార్లు చప్పుడు కూడా చేయదు. తెగితే చాలా ఇంజన్లలో పిస్టన్లు వెళ్లి వాల్వులకి కొట్టుకుంటాయి, అప్పుడు హెడ్ (వాల్వులుండే ఇంజన్ పైభాగం) విప్పాల్సిందే. ఆ బిల్లు ముందు బెల్ట్ ఖర్చు ఏపాటిది?

అన్ని కార్లకీ బెల్ట్ ఉండదు. డస్టర్ 1.5 డీజిల్‌కి బెల్టే, పాత స్విఫ్ట్ 1.3 డీజిల్‌కి మాత్రం చైన్. ఆటోనగర్‌లో మార్పిస్తే బెల్ట్‌ని బిగుతుగా పట్టే టెన్షనర్, దారిలో నడిపించే ఐడ్లర్ బేరింగులు కూడా కొత్తవే వేయించండి. వాటర్ పంపు ఆ బెల్ట్‌తోనే తిరిగేదైతే అదీ మార్చేయండి, లేకపోతే మళ్లీ అదే కూలీ. పక్కన ఆయిల్ లీకుంటే ముందు అది ఆపించాలి, ఆయిల్ తగిలితే కొత్త బెల్టూ పాడవుతుంది.

సెకండ్ హ్యాండ్ కారా? బిల్లు చూపించకపోతే మార్చలేదనే అనుకోండి.