ఆముదం ఆకు తిప్పి చూడండి: శెనక్కాయ చేలో లద్దెపురుగు గుడ్లు ఏరే పద్ధతి

అనంతపురం, కర్నూలు వైపు శెనక్కాయ చేను గట్ల మీద ఆముదం వేసేవాళ్లు చాలామందే ఉన్నారు. గింజలేసి అంతటితో వదిలేస్తే మాత్రం అది పురుగును తనవైపు లాగి అసలు పైరును కాపాడే ఎర పంట కాదు, లద్దెపురుగుకు పుట్టిల్లు.

పొగాకు లద్దెపురుగు తల్లి, అంటే రెక్కల పురుగు, రాత్రిపూట తిరుగుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లలు ఎక్కువ దూరం పోలేవు, పుట్టిన ఆకునే మేయాలి. అందుకే ఆకును తల్లే ఎంచుతుంది. దూరం నుంచి వాసన పట్టి వస్తుంది. వాలాక కాళ్లతో, గుడ్లు పెట్టే కొనతో ఆకును తడిమి రుచి చూస్తుంది. శెనక్కాయ, ఆముదం రెండూ పక్కపక్కన ఉంటే ఆముదం వైపే ఎక్కువ మొగ్గుతుంది. ఆకు అడుగున 200–300 గుడ్లు ఒకేచోట కుప్పగా పెట్టి, తన పొట్ట మీది నూగుతో కప్పేస్తుంది. చూడ్డానికి గోధుమరంగు మఖమల్ ముక్క అంటించినట్టుంటుంది.

ఎకరాకు 50 నుంచి 100 ఆముదం మొక్కలు చాలు. గట్ల వెంటే కాకుండా చేను లోపల కూడా అక్కడక్కడ వేయండి. గింజలు రాత్రంతా నానబెట్టి, శెనక్కాయ విత్తిన రోజే నాటాలి. ఆముదం మొలకకు వారం పది రోజులు పడుతుంది. ఆలస్యమైతే పైరుకు నెల నిండేసరికి ఆముదానికి సరైన ఆకే ఉండదు, తల్లి పురుగు శెనక్కాయ మీదికే పోతుంది.

ఎకరాకు నాలుగు లింగాకర్షక బుట్టలు (ఆడపురుగు వాసనున్న ఎరతో మగ రెక్కల పురుగులను పట్టేవి) కట్టి, ఎరను మూడు నాలుగు వారాలకోసారి మార్చండి. బుట్టలో రెక్కల పురుగులు పెరిగాయంటే ఆకులు తిప్పడం మొదలుపెట్టాలి. గుడ్లు 3–5 రోజుల్లో పగులుతాయి. కాబట్టి వారానికోసారి చూస్తే లాభం లేదు, మూడు రోజులకోసారి తప్పదు. పత్రహరితం గీకేసి ఆకు జల్లెడలా, కాగితంలా కనబడితే పిల్లలు బయటికొచ్చాయని గుర్తు. అవి గుంపుగానే ఉంటాయి కానీ కదిలిస్తే దారాలు వదులుతూ కిందికి జారతాయి. గుడ్లున్నా, పిల్లలున్నా ఆ ఆకు కింద సంచి పట్టి మెల్లగా తుంచండి. తుంచినవి గట్టు మీద పారేయొద్దు, కిరోసిన్ కలిపిన నీళ్లలో ముంచండి.

ఆముదం మీద విడివిడిగా పచ్చటి గుడ్లు కనిపిస్తే అవి దాసరి పురుగువి. శెనక్కాయకు వాటితో పెద్ద భయం లేదు.

వేప వాసన తగిలిన ఆకు మీద తల్లి పురుగు గుడ్లు పెట్టడానికి వెనకాడుతుంది. 5 కిలోల వేపగింజల పొడిని రాత్రి నీళ్లలో నానబెట్టి, వడగట్టి, 100 గ్రాముల సబ్బుపొడి కలిపి, మొత్తం 100 లీటర్లు చేసుకోండి. ఎండకు వేప గుణం చెడుతుంది కాబట్టి సాయంత్రమే కొట్టాలి. శెనక్కాయ మీద మాత్రమే కొట్టండి. ఆముదం మీద పడితే ఎర పని చేయదు, చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే.

శెనక్కాయ మధ్య కంది సాళ్లు వేసుంటే, వాటిలో శనగపచ్చ పురుగు మొగ్గల మీద ఒక్కొక్కటిగా గుడ్లు పెడుతుంది. దానికి ఎరగా ఆముదం పనికిరాదు, బంతి వేసుకోవాలి.

ఆముదం ఆకుల్లో ఈనెలే మిగిలి, కింద పెంటికలు రాలి ఉంటే గుడ్లు ఏరే గడువు దాటినట్టే. ఎదిగిన పురుగు పగలు మట్టిపెళ్లల కింద దాక్కుని రాత్రి మేస్తుంది. అప్పుడు 5 కిలోల తవుడు, అరకిలో బెల్లం, 500 మిల్లీలీటర్ల క్లోరిపైరిఫాస్ తగినన్ని నీళ్లతో ఉండలు చేసి, పొద్దుగూకే వేళ సాళ్లలో వేయండి. చేతులకు తొడుగులు ఉండాలి, కోళ్లనూ గొర్రెలనూ ఆ చేలోకి రానీయొద్దు.