బోణీకి ముందు కాటా

చిన్న కొట్టు నడిపే మన విశ్వాసులకు ఒక మాట. పొద్దున ప్రార్థన చేసుకున్నాక, బోణీ కాకముందే కాటా మీద కిలో గుండు పెట్టి చూడండి. తేడా ఉంటే ఆరోజే బాగుచేయించండి. నేను ఒంగోల్లో కొత్తపట్నం రొయ్యలు అమ్ముతాను. చిల్లుల గిన్నెలో పోసి, అడుగున బొట్లు కారడం ఆగాకే తూస్తాను. నీళ్ల బరువుకు డబ్బులు తీసుకోవడానికి నాకు మనసొప్పదు. దొంగత్రాసు దేవునికి హేయమని బైబిల్లోని సామెతలు 11:1లో చదువుకున్నాం కదా! 1878లో గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న నేల మనది. ఎవరికైనా తక్కువ తూచామని సాయంత్రం గుర్తొస్తే, ఆ మనిషి మళ్లీ వచ్చినప్పుడు విషయం చెప్పి లోటు వేసివ్వండి. మొదట్లో నోరు పెగలదు, అయినా చెప్పండి.